మా దగ్గు మాకు కావాలి

"లేవండి! ముందు ఆ కుర్చీలోంచి లేవండి!"

అభిమాన సంఘం అధ్యక్షుడి కేకకు హాలంతా తిరిగి చూసింది.

ముందు వరసలో, ఎర్ర రిబ్బను కట్టిన కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డ సంచీ. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"మిగతావన్నీ నిండిపోయాయి బాబూ. కాళ్ళు లాగేస్తుంటేనూ..."

"అదెవరి కుర్చీయో తెలుసా? మా దగ్గు బాబాయిది!"

"ఆయనెవరు?" అన్నాడు ముసలాయన, నిజంగానే తెలియక.

అధ్యక్షుడికి ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజు అక్కడ ఒళ్ళు మండనివాళ్ళు లేరు. పాతికేళ్ళ కిందటి 'వెనక వాకిలి' సీరియల్‌ను దాన్ని తీసిన టీవీ కంపెనీ మళ్ళీ మొదలుపెడుతోంది. అప్పట్లో కొత్త టేపులు కొనడం దండగని పాత భాగాలన్నీ చెరిపేసి, వాటి మీద వంటల కార్యక్రమం తీసుకున్న కంపెనీయే ఇది. సీరియల్ ఇంకా బతికి ఉందంటే ఒక్క మనిషి చలవ. ఎవరో మహానుభావుడు టీవీ ఎదురుగా వీడియో కెమెరా పెట్టి వారం వారం రికార్డు చేశాడు. ఆ టేపులే చేతులు మారి మారి అభిమానులకు చేరాయి, ఒక్క ఆఖరి భాగం తప్ప.

ఆయన పేరు తెలియదు, ముఖం తెలియదు. కథలోని అక్క ఇల్లు వదిలి వెళ్ళిపోయే సీనులో మాత్రం ఆయన దగ్గు వినిపిస్తుంది. రెండు పొట్టివి, ఒక పొడుగుది.

ఆ దగ్గు లేకపోతే అభిమానులకు అది సీనే కాదు. ఎక్కడ చేరి చూసినా అక్కడికి రాగానే అందరూ కలిసి దగ్గుతారు. ఆయనకు 'దగ్గు బాబాయి' అని పేరు పెట్టుకుని, ఆయన కోసం ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు.

కంపెనీ ఏం చేసింది? అభిమానుల టేపులే పట్టుకెళ్ళి, కడిగి తుడిచి, ఆ దగ్గు కాస్తా తీసేసింది! అది చాలదన్నట్టు కొత్త కథలో అక్కను చంపేసింది. పాత కథలో అక్క చివరికి ఇంటికి తిరిగొచ్చిందని కొందరు, రాలేదని కొందరు. "ఆఖరి భాగం ఉంటే తెచ్చి చూపించండి, బతికిస్తాం" అని కంపెనీవాళ్ళు వెటకారం ఆడారు. ఎక్కడని తెస్తారు?

అందుకే కంపెనీ తుడిచిన ఆ భాగాన్నే వేసి, అందరూ కలిసి దగ్గి నిరసన చెప్పాలని ఈ సభ. హాలు నిండా 'మా దగ్గు మాకు కావాలి' అని అట్టలు.

"పోనీ, పెద్దాయన కదా, ఓ పక్కన నిలబడనివ్వండి" అంది సంఘంలోని టీచరమ్మ.

"ఆ సంచీ చూశారా? పొద్దున కంపెనీ మనుషులు ఇలాంటి సంచుల్లోనే బహుమతులు పంచారు. మన నోళ్ళు మూయించడానికి!"

"కంపెనీ ఎవరో నాకు తెలీదు బాబూ. నేనొకటి తెచ్చాను. అందరూ చూస్తారని..."

"మాకేం అక్కర్లేదు!"

అధ్యక్షుడు సంచీ లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. కింద రోడ్డు మీద బస్సు వెళ్ళింది. ఏదో పటపటమని నలిగింది.

హాలు చప్పట్లు కొట్టింది. సిగ్గుపడినవాళ్ళు ఒక్కరూ లేరు.

ముసలాయన కిటికీ దాకా వెళ్ళి తొంగి చూశాడు. గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

దీపాలు ఆర్పారు. కంపెనీ శుభ్రం చేసిన పాత భాగం తెర మీద మొదలైంది.

కాసేపటికి ఆ సీను వచ్చింది. అక్క పెట్టె పట్టుకుని వెనక వాకిలి తలుపు తీసింది. అధ్యక్షుడు చెయ్యెత్తాడు. అందరూ గట్టిగా ఊపిరి పీల్చారు.

వాళ్ళు దగ్గేలోపే, హాలు వెనక తలుపు దగ్గర్నుంచి వినిపించింది.

రెండు పొట్టివి. ఒక పొడుగుది.

ఇన్నేళ్ళుగా వాళ్ళంతా అనుకరిస్తున్న దగ్గు. ఇది మాత్రం అనుకరణ కాదు.

ఎవరో దీపాలు వేశారు. చిరిగిన సంచీని గుండెకు హత్తుకుని ముసలాయన నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏమీ అనుకోకండి. ఈ సీనొస్తే నాకు ఏడుపాగదు. సాయంత్రం పూట మా ఆవిడకి ఆసుపత్రిలో డ్యూటీ. తన కోసమే రికార్డు చేసేవాణ్ణి. నా ఏడుపు అందులో పడిందంటే ఇక నన్ను బతకనివ్వదని, దగ్గేశాను."

అధ్యక్షుడి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. సంచీ చిరుగులోంచి నల్లటి టేపు ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది.

"అందులో... ఏముంది బాబాయ్?" అన్నాడు అధ్యక్షుడు.

"ఆఖరి భాగం."

టీచరమ్మ ముందుకొచ్చి అడిగింది.

"అక్క తిరిగొచ్చిందా?"

"తెలీదమ్మా. ఆ రోజు మా ఆవిడకి బాగోలేదని కబురొస్తే, కెమెరా ఆన్ చేసి ఆసుపత్రికి పరుగెత్తాను. తను మళ్ళీ ఇంటికి రాలేదు. ఒక్కణ్ణీ చూడటానికి ఇన్నేళ్ళూ మనసొప్పక, ఇవాళ మీ అందరితో కూర్చుని చూద్దామని తెచ్చాను."