కొండ దిగని పిల్ల

ఉలాన్ ఆ పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు, చచ్చిన ఎలుకను తోకతో పట్టుకున్నట్టు.

"అట్ట లేదు. పేరు లేదు. చివరి పేజీలూ లేవు. ఇదా నువ్వు నన్ను చదవమనేది?"

"చదివి మాట్లాడు," అంది జాజ్‌గుల్.

నారిన్ ఊరి లైబ్రరీ పక్కన టీ కొట్టు. మర్నాడు ఇద్దరికీ ఇంటర్వ్యూ. ఎక్కడో విదేశంలో బోర్డింగ్ స్కూలు, దేశదేశాల పిల్లలు చదివేది. అక్కడివాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుందని ఇద్దరికీ తెలుసు: మమ్మల్ని ఏ పుస్తకం చదవమంటావు?

అందుకే చలికాలమంతా పుస్తకాలు మార్చుకున్నారు.

"రేపు నేనిచ్చిన లావు పుస్తకం పేరు చెప్పు. వాళ్ళూ చదివే ఉంటారు. తలలూపుతారు. సీటు నీదే," అన్నాడు ఉలాన్.

"నాకది నచ్చలేదు."

"నచ్చాలని ఎవరన్నారే? చెప్పమన్నాను."

"నేను దీని గురించే చెబుతాను."

"చెప్పు, చెప్పు. మీ నాయనమ్మ ఇందులో పేజీలు చింపి, బజార్లో పొద్దుతిరుగుడు గింజలకు పొట్లాలు కట్టిందని కూడా చెప్పు. పడీ పడీ నవ్వుతారు."

పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న ముసలావిడ తలెత్తింది. ఈ ఊరి మనిషి కాదు. ఒళ్ళో చిన్న ప్రయాణపు సంచీ.

"గింజలు బాగా అమ్ముడయ్యాయా?" అని అడిగింది.

ఎగతాళేమో అనుకుంది జాజ్‌గుల్. ఆ ముఖంలో ఎగతాళి లేదు.

"అమ్ముడయ్యాయి అపా," అంది, పెద్దావిడలను పిలిచే పిలుపుతో. "మా నాన్నవాళ్ళు అప్పుడు చిన్నపిల్లలు. ఆ చలికాలం ఆకలితో పడుకోలేదట."

"మంచిదే అయింది." ఆవిడ తన టీ గిన్నె పట్టుకుని వాళ్ళ బల్ల దగ్గరికి జరిగింది. "కథేమిటి?"

జాజ్‌గుల్ మొదట ముక్తసరిగా, తరువాత ఆగకుండా చెప్పింది. చలికాలం వస్తోందని మందలు తోలుకుని అందరూ కొండ దిగిపోతుంటారు. ఒక పిల్ల దిగనంటుంది. తండ్రి తిడతాడు. గుడారం విప్పేస్తాడు. మంచు మొదలవుతుంది. అక్కడి నుంచి పేజీలు లేవు.

"చివరికి దిగి వచ్చేస్తుంది," అంది ముసలావిడ.

జాజ్‌గుల్ చెంపలు వేడెక్కాయి. "మీరు చదివారా?"

"చాలా కాలమైంది."

"అయితే మరిచిపోయారు. దిగి వచ్చేదే అయితే చలికాలపు కట్టెలకని గొడ్డలి ఎందుకు నూరుకుంటుంది? తండ్రి గుడారం విప్పుతుంటే కూడా నూరుతూనే ఉంటుంది."

"తరువాత భయపడి ఉండొచ్చు. పిల్లే కదా."

"పిల్లయితే? పిల్లలందరూ దిగిపోవాలా?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఈలోగా జాజ్‌గుల్ టీ కెటిల్ ఎత్తి ఆవిడ గిన్నె నింపింది. అంచుదాకా.

అడుగున కాస్త పోస్తే, ఇంకాసేపు కూర్చోమని. అంచుదాకా పోస్తే, తాగి లేవమని. ఆ సంగతి తెలియని వాళ్ళు ఆ ప్రాంతంలోనే ఉండరు.

చెయ్యి ముందు వంగింది. ఎందుకు వంగిందో జాజ్‌గుల్‌కు తరువాతే అర్థమైంది. ఆ పిల్ల గనక కొండ దిగితే, రేపు తనూ లావు పుస్తకం పేరే చెప్పేస్తుంది.

"ఏయ్," అన్నాడు ఉలాన్ గొంతు తగ్గించి. "పెద్దావిడకా?"

ఆవిడ గిన్నె వంక చూసింది. నవ్వింది. రెండు చేతులతో ఒలకకుండా ఎత్తి, మొత్తం తాగింది.

"ఒకసారి చూడొచ్చా?"

పుస్తకం అందుకుని, మధ్యలో ఒక పేజీ చదివింది. అదే పేజీ మళ్ళీ చదివింది. చిరిగిన అంచు మీద ఆవిడ బొటనవేలు కాసేపు ఉండిపోయింది.

"నిజమే. నూరుతోంది," అంది. "మరిచేపోయాను."

పుస్తకాన్ని బల్ల మీద పెట్టలేదు. జాజ్‌గుల్ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు లైబ్రరీలో, కంప్యూటర్ తెర మీద ముగ్గురు.

"మమ్మల్ని ఏ పుస్తకం చదవమంటావు?"

"దాని పేరు తెలియదు."

"ఎవరు రాశారు?"

"అదీ తెలియదు. చివర కూడా లేదు."

ఒకాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మరి మేమెలా చదవాలి?"

"మీరే నారిన్ రావాలి. ఉన్నది ఇదొక్కటే, పంపను. చివర ఏమవుతుందో నేను చెబుతాను. ఆ పిల్ల కొండ దిగదు."

"నీకెలా తెలుసు?"

"గొడ్డలి నూరుకుంది కనక."

ఎవరూ తలూపలేదు.

బయట ఉలాన్ కాచుకుని ఉన్నాడు. విన్నాడు. "పోయింది నీ సీటు."

"పోతే పోనీ. చెప్పింది నా పుస్తకమే కదా."

వెనకనుంచి లైబ్రేరియన్ బురుల్ పిలిచింది. పిల్లలంతా ఆవిడను ఎజే అంటారు, అక్కా అన్నట్టు.

"నిన్న ఒక పెద్దావిడ నీ దగ్గరికి వచ్చిందా?"

"వచ్చింది ఎజే." జాజ్‌గుల్ తల దించుకుంది. "గిన్నె నింపేశాను."

బురుల్ ఎజే ఆమె సంచీ వంక చూసింది.

"ఆవిడ పడుచుతనంలో ఒకే ఒక్క పుస్తకం రాసిందట. అచ్చేసిన ప్రెస్సు మూతపడింది. ప్రతులన్నీ చిత్తు కాగితాల కింద పోయాయి. ఆవిడ దగ్గర కూడా ఒక్కటీ లేదు. ఊరూరా లైబ్రరీల్లో వెతుక్కుంటోంది. మా దగ్గర లేదు గానీ, అట్ట లేనిదొకటి పట్టుకు తిరిగే పిల్ల ఉంది, పక్క కొట్లో చూడండి అని నేనే పంపాను."

జాజ్‌గుల్ చెయ్యి సంచీలోని పుస్తకం మీదికి పోయింది.

"బస్సెక్కే ముందు మళ్ళీ వచ్చింది. మీదేనా అని అడిగాను."

"ఏమన్నారు?"

"కాదు, అది ఆ పిల్లదే అంది. తన పుస్తకంలో పిల్ల కొండ దిగి వచ్చేస్తుందట."