పక్క మంచం మాట

లెక్కల టీచరమ్మ విసిరిన నీళ్ళ గ్లాసు నర్సు భుజానికి తగిలి, నేలమీద దొర్లుకుంటూ తలుపు దాకా వెళ్ళింది.

తలుపు దగ్గర మేనేజరు నిలబడి ఉన్నాడు. ఆయన ఆ వృద్ధాశ్రమానికి వచ్చి నెల కాలేదు. ఆయన వెనక టీచరమ్మ కొడుకు. లేత్ మిషన్ దగ్గర నుంచి అలాగే పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చేతులకి ఇంకా గ్రీజు ఉంది.

"చూశారుగా," అన్నాడు మేనేజరు. "పొద్దున్నించీ ఇదే వరస. ఇలాంటివాళ్ళని ఇక్కడ ఉంచుకోలేం. మానసిక ఆసుపత్రికి ఫోన్ చేశాను. గంటలో బండి వస్తుంది. మీరో సంతకం పెడితే చాలు."

"మొన్న ఆదివారం నాతో బానే మాట్లాడింది సార్," అంటూ కొడుకు మంచం దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, నేనే."

టీచరమ్మ ఎగాదిగా చూసింది. "నువ్వెవరు? మా అబ్బాయి బడికెళ్ళాడు. వాణ్ణి ఎక్కడ దాచారు మీరంతా?"

యాభై దాటిన ఆ మనిషి మంచం దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. మేనేజరు ఇచ్చిన కలం పట్టుకుని కాగితం వైపు చూస్తూ ఉండిపోయాడు.

నర్సు తడిసిన భుజం తుడుచుకుంటోంది. పక్క మంచం మీద కూర్చున్న ముసలావిడ ఆమె కొంగు పట్టుకుని లాగింది.

"ఏమ్మాయ్, కొత్తగా చేరావా?"

"అవునమ్మా."

"అందరూ ఆవిడ అరుపులే వింటున్నారు. ఇందాకటి నుంచీ ఊరికూరికే బాత్రూముకి లేస్తోంది. వెళ్ళినప్పుడల్లా నాలుగు చుక్కలే. మంటకి తట్టుకోలేక గోడ పట్టుకుని నిలబడింది. ఆ భయానికి నీళ్ళు కూడా ముట్టడం లేదు. ఒళ్ళు పట్టుకుని చూడు ముందు."

నర్సు చూసింది. జ్వరం నూటొకటి. నాడి గబగబా కొట్టుకుంటోంది. నాలుక ఎండి అట్టకట్టింది.

"సార్, ఇది పిచ్చి కాకపోవచ్చు," అంది మేనేజరుతో. "మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుంటున్నాను. ఈ వయసులో ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరితే ఒక్కోసారి మతి చెదురుతుంది. అయినవాళ్ళని కూడా పోల్చుకోలేరు. డాక్టరుగారు వచ్చి చూసేదాకా ఆగండి."

"ఎవరు చెప్పారు, ఆవిడా?" మేనేజరు పక్క మంచం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఆవిడకి తను ఏ ఊళ్ళో ఉందో తెలీదు. పొద్దున తిన్నది గుర్తుండదు. ఆవిడ మాట పట్టుకుని నాకు పాఠం చెబుతున్నావా?"

"తిన్నది గుర్తుండదు సార్. కళ్ళెదుట ఉన్నది కనిపిస్తుంది. థర్మామీటరు కూడా అదే చెబుతోంది. ఇది రక్తంలోకి పాకితే మనం ఎవరికి సమాధానం చెబుతాం?"

కొడుకు కలం మూత పెట్టి మేనేజరు జేబులో పెట్టేశాడు. "డాక్టరుగారు వచ్చాకే సంతకం సార్," అన్నాడు.

నర్సు కిటికీ తెర తీసింది. దిండు కింద పడున్న కళ్ళజోడు తుడిచి టీచరమ్మకి పెట్టింది. కొడుకు చేతులు శుభ్రంగా కడిగించి తల్లి పక్కన కూర్చోబెట్టింది. "నేను మీ అబ్బాయినని వాదించకండి అన్నా. ఊరికే చెయ్యి పట్టుకోండి. చెంచాతో కొంచెం కొంచెం నీళ్ళు పట్టండి." చెంచా వెనక చెంచా, ఒక గ్లాసుడు నీళ్ళు తాగించడానికి ముప్పావు గంట పట్టింది. బాత్రూములో టీచరమ్మ నాలుగు తిట్లు తిట్టినా విసుక్కోకుండా, నర్సు ఒళ్ళు శుభ్రం చేసి, పరీక్షకి మూత్రం పట్టింది.

బండి వచ్చింది, ఖాళీగా తిరిగి వెళ్ళింది. డాక్టరు పొత్తికడుపు నొక్కి చూసి, మూత్రం ల్యాబుకి పంపి, మందు మొదలుపెట్టించాడు. "అరుపులు ఆపడానికి నిద్రమాత్ర వేసుంటే అసలు రోగం దాని కింద కప్పబడిపోయేది," అన్నాడు.

మూడోరోజు పొద్దున కొడుకు గుమ్మంలో అడుగుపెట్టాడో లేదో, టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"గడ్డం గీసుకోడానిక్కూడా తీరిక లేదా నీకు?"

అతను మంచం అంచున కూలబడి, తల్లి చెయ్యి తన చెంపకి ఆనించుకున్నాడు. పోయిందనుకున్న మనిషి మొత్తంగా తిరిగొచ్చి తనని తిడుతోంది.

తర్వాత లేచి పక్క మంచం దగ్గరికి వెళ్ళి ముసలావిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"ఎవరు బాబూ నువ్వు?" అందావిడ. అతను చెప్పాడు. ఆవిడకి ఒక్క ముక్కా గుర్తులేదు. అంతలో మందుల పళ్ళెంతో వచ్చిన నర్సుని చూసి, "ఏమ్మాయ్, కొత్తగా చేరావా? చేతులు కడుక్కున్నావా?" అంది.

నర్సు రెండు చేతులూ చాపింది. ఆవిడ వాటిని తిప్పి, వేళ్ళ సందులు కూడా చూసి, "శుభ్రంగా ఉన్నాయి. పనికొస్తావు," అంది.

కొడుకు నర్సుతో పాటు వరండాలోకి వచ్చాడు. "ఎవరమ్మా ఆవిడ?"

"ముప్పై నాలుగేళ్ళు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసింది అన్నా. తన పేరు కూడా మర్చిపోయింది. రోగం ఎదురుగా ఉంటే మాత్రం ఆ కళ్ళు ఊరుకోవు."

అతను గుమ్మంలోంచి వెనక్కి చూశాడు. ముసలావిడ టీచరమ్మ దుప్పటి సర్దుతోంది.

"ఇంత మనిషిని చూసిపోవడానికి ఎవరూ రారా?"

"ఒక్కతే కూతురు. రోజూ వస్తుంది."

"గుర్తుపడుతుందా?"

"నాలుగేళ్ళయింది గుర్తుపట్టి," అంది నర్సు, తన అరచేతుల వైపు చూసుకుంటూ. "కానీ ఇవాళ పనికొస్తానంది అన్నా."