అత్తగారి వంకలు

"ఉప్పు చాల్లేదు. వెనక్కి తీసుకెళ్లు," అంది అత్తగారు, చెంచా గిన్నెలో పడేస్తూ.

సర్వర్ అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. ఆ చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌లో వంటగది కిటికీ పక్క బల్ల దగ్గర ఈవిడ పది రోజులుగా తిష్ఠ వేసింది. ఇక్కడ వంట చేసే కోడలు జ్వరం నుంచి లేచి మళ్లీ పొయ్యి ముందు నిలబడ్డ రోజునే తనూ వచ్చి కూర్చుంది. కోడలు మంచాన పడ్డన్నాళ్లూ ఇంటి చాకిరీ తన నెత్తిన పడిందన్న కసి కాబోలు. సాస్ అయినా, పాస్తా అయినా ముందు చిన్న గిన్నెలో ఈవిడ దగ్గరికి రావాలి. ఈవిడ వంక పెట్టాలి. కోడలు కిటికీలోంచి ఈవిడ మొహమే చూస్తూ నిలబడాలి.

అమ్మాయి గిన్నె తీసుకుని వంటగదిలోకి విసవిసా నడిచింది. పొయ్యి మీద వెల్లుల్లి మాడుతోంది.

"అక్కా, మాడు వాసన!"

వంటావిడ అప్పుడు తిరిగి చూసి, గబుక్కున మూకుడు దించింది.

"ఆవిడంటే భయంతో నీకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఇంత ఓర్పు పనికిరాదక్కా. మొన్న నీ టీలో పంచదార అనుకుని ఉప్పు వేశాను. కిక్కురుమనకుండా తాగేశావు!"

వంటావిడ మొహం పాలిపోయింది. సాస్‌లో మళ్లీ ఉప్పు వేసి కలిపి, గిన్నెలో కొంచెం పోసింది. "ఇది అత్తయ్యకి ఇచ్చి రా, చెల్లీ."

"ఇవాళ ఇవ్వను."

ఇవాళ ఓనరు గారు పెళ్లాం పిల్లలతో భోజనానికి వచ్చారు. తిని బాగుందంటేనే అక్క ఉద్యోగం ఖాయం. పిల్లలిద్దరూ అప్పటికే ఫోర్కులతో బల్ల వాయిస్తున్నారు. అత్తగారి ఆటలు ఇక సాగనివ్వకూడదని అమ్మాయి గట్టిగా అనుకుంది. అక్క వద్దంటున్నా వినకుండా పాస్తా మీద సాస్ పోయించి, పళ్లెం పట్టుకుని బయటికి నడిచింది.

అత్తగారు లేచి అడ్డం నిలబడింది. చెంచాతో కాస్త తీసి నోట్లో వేసుకుంది.

"ఇది వాళ్ల బల్ల మీదకి వెళ్లదు."

"చెప్పడానికి మీరెవరండీ? కోడలు నాలుగు రాళ్లు సంపాదించుకుంటే ఓర్వలేరా?"

ఓనరు తల తిప్పి చూశాడు. అత్తగారు ఆయనకో నవ్వు విసిరి, అమ్మాయి మణికట్టు పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్లింది.

"ఇంకో వాయి చెయ్యవే. నేనిక్కడే నిలబడతా. ఈ ఉద్యోగం ఎలా పోతుందో చూస్తాను."

కోడలు కళ్లు తుడుచుకుని మూకుడు మళ్లీ పొయ్యెక్కించింది. ఏం అర్థంకాక అమ్మాయి పళ్లెంలోంచి ఒక ముక్క తీసి నమిలింది. ఉప్పుకి నోరు పగిలిపోయింది.

"ఇంత ఉప్పు ఎలా వేశావక్కా?"

 అత్తగారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"జ్వరం పోయింది గానీ, దాని నాలుకకి రుచి తిరిగి రాలేదమ్మా."