తెల్లమూత ట్యూబు

“మళ్ళీ అదే సార్,” అంది శిష్యురాలు, కంప్యూటరు తెర మీంచి చూపు తిప్పకుండానే.

ప్రొఫెసరు వచ్చి వంగి చూశాడు. ఎర్రమూత ట్యూబుల గీతలన్నీ ఎత్తుగా లేచాయి. అవి రోగుల రక్తం, లేవాల్సిందే. తెల్లమూత ట్యూబు గీత కూడా వాటి భుజాలు రాసుకుంటూ నిలబడింది. కొంప ముంచుతున్నది అదే.

కణాల మధ్య కబుర్లు మోసే ఒక కొవ్వు వెంటపడి ఆయన ఇరవై ఏడేళ్ళు గడిపాడు. కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పే ఒక నరాల జబ్బులో ఆ కొవ్వు కరగడం మానేసి రక్తంలో పేరుకుంటుంది. మనిషి మంచాన పడడానికి చాలా ఏళ్ళ ముందే దాన్ని పట్టుకోవచ్చని ఆయన పంతం. మందు ఇంకా లేదు. ముందు జబ్బు దొరికితేగా.

పోల్చుకోవడానికి ప్రతిసారీ ఆరోగ్యంగా ఉన్న ఒకే మనిషి రక్తం ఒక ట్యూబు పెడతారు. ఆ కొవ్వు గంటల్లో పాడైపోతుంది కాబట్టి ఏ రోజుకారోజు తాజాగా తీయాలి. కింది అంతస్తులో నర్సు తీసి, తెల్లమూత బిగించి పైకి పంపుతుంది. ఎవరిదో కొలిచేవాళ్ళకి చెప్పరు, అది పద్ధతి. ఆర్నెల్లుగా ఆ గీత నెలనెలా పైకి పాకుతోంది. ఆరోగ్యవంతుడికీ రోగికీ తేడా చూపని పరీక్ష ఎవరికి కావాలి? శుక్రవారం నిధులిచ్చే కమిటీ వస్తోంది. ఈలోగా తేడా చూపించలేకపోతే ల్యాబుకి తాళమే.

మిషను మార్చారు. నీళ్ళు మార్చారు. ట్యూబుల ప్లాస్టిక్కుని అనుమానించి గాజువి తెప్పించారు. తెల్లమూత దిగిరాలేదు.

“పోనీ ఆ తెల్లమూత మనిషినే మారిస్తే?” అంది శిష్యురాలు.

“అది మన కొలబద్ద. దాన్నే అనుమానిస్తే ఇంక దేన్ని నమ్ముతాం?” అని కసిరాడు.

ఇంట్లోనూ ఇదే చిరాకు. “చొక్కా గుండీలు మళ్ళీ తప్పు పెట్టుకున్నారు,” అంది భార్య గుమ్మం దగ్గర ఆపి, తనే సరిచేస్తూ. “కాఫీ సగం సాసర్లోనే ఉంటోంది. కాస్త చూపించుకోకూడదూ?”

“బతుకంతా చేసిన పని బూడిదైపోతుంటే చేతులు వణక్క ఏం చేస్తాయి?” అని విదిలించుకుని వచ్చేశాడు.

గురువారం ఉదయం ఆయన చేతిలోంచి పిపెట్ జారి పడింది. దాంతోపాటు ఆఖరి ధైర్యం కూడా. అందరి ముందూ స్టూలు మీద కూలబడి, మొహం కప్పుకుని ఏడ్చేశాడు.

కాసేపటికి శిష్యురాలు పక్కన కూర్చుంది. “సార్, ఈ ఒక్కసారి నా మాట వినండి. మేం ఐదుగురం రక్తం ఇస్తాం. నీలంమూతలు పెడతాం. తెల్లమూతా అలాగే ఉంచుదాం. పోయేదేముంది?”

కాదనే ఓపిక కూడా ఆయనకి లేదు.

సాయంత్రం నాలుగింటికి గీతలు వచ్చాయి. నీలంమూతలు ఐదూ నేలకి అంటుకున్నట్టు అడుగునే ఉన్నాయి. ఎర్రమూతలు ఎత్తున ఉన్నాయి. మధ్యలో బోలెడంత తేడా. ల్యాబంతా ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. శిష్యురాలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

“పరీక్షలో తప్పు లేదు సార్. ఏ రోజూ లేదు. మనమే నమ్మలేదు.”

ప్రొఫెసరు తెర వంకే చూస్తున్నాడు. ఎర్రమూతల వరసలో ఇవాళ కూడా తెల్లమూత ఉంది, నిన్నటికన్నా వెంట్రుకవాసి ఎత్తున.

అప్పుడు గానీ ఆమెకి రెండో సంగతి తట్టలేదు. నవ్వు ఆగిపోయింది. “అయితే ఆ తెల్లమూత ఎవరో గానీ, పాపం... ఆ మనిషికి కబురు చెయ్యాలి కదా సార్.”

“చేరింది” అంటూ ప్రొఫెసరు, పొద్దున నర్సు మోచేతి మడత దగ్గర అంటించిన దూది కనబడకుండా, వణుకుతున్న వేళ్ళతో చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.