కొట్టు తెరిచేలోపే ఖాళీ

"దీనికి ఎంతిస్తారో మీరే చెప్పండన్నా. బేరమాడే ఓపిక నాకు లేదు," అంటూ పొడుగాయన మోటారును ప్లంబరు కొట్టు మధ్యలో దించాడు.

ప్లంబరు వంగి చూశాడు. అది మురుగు పైపుల్లో అడ్డం తీసే మోటారు. చుట్టిన స్ప్రింగుతో సహా తళతళలాడుతోంది. పనిముట్టును అంత శుభ్రంగా ఉంచుకునేవాడు దాన్ని అమ్ముకుంటున్నాడంటే చేతులెత్తేసినట్టే. పొడుగాయనది పక్క వీధిలో కొట్టు. ఇద్దరిదీ ఒకటే పని. ప్లంబరు కావాలని ఎవరైనా ఫోనులో వెతికితే ఒకరి కింద ఒకరుగా కనబడేవి వాళ్లిద్దరి ప్రకటనలే.

"అమ్మేస్తే పనెలా చేస్తావు?"

"పనుంటేగా అన్నా! కొట్టు తాళాలు పొద్దున్నే యజమానికిచ్చేశాను. ఓ పెద్ద ఆఫీసులో కుళాయిలూ పైపులూ చూసుకునే ఉద్యోగం ఉందన్నారు. జీతం తక్కువే. ఏదో నెలనెలా చేతికొస్తుంది."

"అంత కష్టమేం వచ్చిపడింది?"

"ప్రకటనే ముంచింది. క్లిక్ చేసినవాడు మనల్ని పనికి పిలిచినా పిలవకపోయినా మన డబ్బు కోసేసుకుంటారు, అంతే కదా మన ఖర్మ! రోజుకింతని బడ్జెట్ పెట్టాను. కొట్టు తెరిచేలోపే ఖాళీ. ఖాళీ అయ్యాక ఇంక ఆ రోజుకి ప్రకటన ఎవరికీ కనబడదు. పోనీలే అని పెంచాను. పెంచిందీ ఊడ్చిపెట్టుకుపోయింది. చివరికి పిల్లదాని స్కూలు ఫీజు కూడా తెచ్చి అందులోనే పోశాను. ఒక్క ఫోనంటే ఒక్క ఫోను రాలేదు. ఎవడో పనిగట్టుకుని నొక్కుతున్నాడన్నా!"

ప్లంబరు చేతికందిన రెంచీ తీసుకుని అవసరం లేకపోయినా తుడవసాగాడు.

ఆ ఎవడో తనే. కొన్నాళ్లుగా కొట్లు తెరవకముందే పనులకు బయల్దేరి, ఏ ఇంటికి వెళ్లినా ఎక్కడ కారుతోందని అడగకముందే వైఫై పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. ఒకేచోటు నుంచి నొక్కితే పట్టుబడతానని భయం. సింకు కింద వెల్లకిలా పడుకుని, నీళ్లు మొహం మీద కారుతున్నా ఒక చేత్తో పైపు పట్టుకుని రెండో చేత్తో ఫోనులో పొడుగాయన ప్రకటన నొక్కాడు. తప్పని తెలియక కాదు. తన బడ్జెట్టూ రోజూ కొట్టు తెరిచేలోపే ఆవిరైపోతుంటే, ఇది పక్క వీధివాడి పని కాక ఇంకెవరిదని పళ్లు నూరాడు. నువ్వొకటి నొక్కితే నేను రెండు నొక్కుతాననుకున్నాడు. అప్పుడది న్యాయంగానే తోచింది. పిల్లదాని ఫీజనే మాట విన్నాక మాత్రం అలా తోచలేదు.

"ముందు మీ దగ్గరికే తెచ్చాను," అన్నాడు పొడుగాయన, మోటారు మీద చెయ్యి తీయలేక తీయలేక తీస్తూ. "ఇంకొకడి చేతిలో పెడితే నెల తిరక్కుండా తుప్పు పట్టిస్తాడు. మీరైతే కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. అన్నట్టు, నా పాత కస్టమర్లకు కూడా మీ నంబరే ఇచ్చాను. కాస్త చూడండి, మంచివాళ్లు."

ఇక ప్లంబరు వల్ల కాలేదు. రెంచీ బల్ల మీద పెట్టేశాడు.

"తమ్ముడూ, ఆ నొక్కింది నేనే."

పొడుగాయన మొదట నవ్వబోయాడు. ఎదుటి మనిషి మొహం చూసి ఆగిపోయాడు.

"నువ్వా?"

అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వులోకి దిగిపోయాడు. దిగడంలో తప్పేమీ లేదనిపించింది ప్లంబరుకు.

"నా బడ్జెట్టూ రోజూ అలాగే అయిపోయేది. నువ్వే చేస్తున్నావనుకున్నాను. కోపం పట్టలేక..."

"ఒక్కసారి అడిగావా? నాలుగడుగులేస్తే నా కొట్టు! వచ్చి నా చొక్కా పట్టుకుని అడగొచ్చుగా? నా పిల్ల మీద ఒట్టు, నీ ప్రకటన మీద నేను ఏనాడూ వేలు పెట్టలేదు."

ఒట్టు వేయకపోయినా ప్లంబరు నమ్మేవాడే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మోటారు అమ్మొద్దు. ఇక్కడే నాతో కలిసి పని చెయ్యి. నీ పిల్ల ఫీజు నేను కడతాను..."

"వద్దు. రోజూ నీ మొహం చూస్తూ పని చేయలేను. దీనికెంతిస్తావో ఇచ్చెయ్, వెళ్లిపోతాను."

అప్పుడే వెనక ఇంట్లోంచి ప్లంబరు అత్తగారు రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చింది. అంతసేపూ మిక్సీ మోతలో ఉండడంతో ఆవిడకు ఈ గొడవేమీ వినబడలేదు. కొట్టు మధ్యలో మోటారును, పొడుగాయన వాలకాన్ని చూసి మాత్రం సంగతి గ్రహించింది.

"ఏం బాబూ, కొట్టు మూసేస్తున్నావా? ఎందుకు నాయనా, బంగారంలాంటి పని చేతిలో పెట్టుకుని?"

పొడుగాయన ప్లంబరు వంక చూశాడు. అత్తగారి ముందు అల్లుడి పరువు తీయడానికి ఇప్పుడు ఒక్క మాట చాలు.

"ప్రకటన సరిగ్గా నడవలేదమ్మా," అని ఊరుకున్నాడు పొడుగాయన.

దానికి బదులు చెంప పగలగొట్టినా బాగుండేదనిపించింది ప్లంబరుకు.

"ఓస్, అంతేనా! ఆ మాట నాకు ముందే చెప్పొద్దూ?" అంటూ అత్తగారు కప్పు పొడుగాయన చేతిలో పెట్టి గొంతు తగ్గించింది. "ఎంత ఎక్కువ నొక్కితే అంత పైకి లేస్తుందట కదా! పాపం కష్టపడుతున్నారు కదాని, అల్లుడుగారికి చెప్పకుండా నేనూ, నాతో నడకకొచ్చే ఆడవాళ్లూ అందరం రోజూ పొద్దున్నే ఆయన ప్రకటన నొక్కి వస్తున్నాం. నువ్వేం దిగులుపడకు, రేపట్నుంచి నీదీ నొక్కుతాం!"