ఇంకో రెండు వేళ్ళు

"పొట్ట ఇంకో రెండు వేళ్ళు పెంచు," అంది ఆవిడ, మంచం మీద దిండుకి ఆనుకుని గీస్తూ.

"ఇప్పటికే బానలా ఉంది. నన్ను చూసి గీస్తున్నావా ఏంటి?" అన్నాడు మొగుడు, తన పొట్ట తడుముకుంటూ.

"పాతకాలం పడవకి ఆ పొట్టే అందం. నీకు కాదులే."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఆవిడకి ఆయాసం వచ్చింది. ఆయన సుత్తి పక్కన పడేసి మంచినీళ్ళు పట్టించాడు.

పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళ పద్ధతి ఇదే. ఆవిడ పడవలు గీస్తుంది, ఆయన కడతాడు. ఆవిడ గీశాక ఆయన మళ్ళీ టేపు పట్టడు. ఆవిడ లెక్క వెంట్రుకవాసి కూడా తప్పదని రేవంతా చెప్పుకుంటుంది.

డాక్టర్లు చేతులెత్తేసిన రోజు ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు.

"నువ్వు పోతే నేనూ నడిసముద్రంలోకి పోతా. తిరిగి రాను. నాకో పడవ గీసివ్వు, అందులోనే పోతా. వేరే పడవలో కాలు పెట్టను, నీమీదొట్టు!"

ఆయన మొండితనం ఆవిడకి కొత్తా? వాదించలేదు.

"సరే, గీసిస్తా. కానీ షెడ్డులో కాదు, ఈ గదిలో నా కళ్ళముందే కట్టాలి," అంది.

చిన్న తెరచాప పడవ. ప్లైవుడ్డే అయినా చూపుకి తాతలనాటి దానిలా ఉండాలంది. ఆయన పట్టీలు షెడ్డులో కోసి తెచ్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి బిగించాడు. ముక్కు పైకి లేపమంటే లేపాడు. పొట్ట పెంచమంటే పెంచాడు. ఇంత అందమైన పడవ వాళ్ళ చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు.

రంగు ఆరాక ఆవిడ దాన్ని తనివితీరా చూసుకుంది. ఆ వారమే కన్నుమూసింది.

చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఆవిడ తమ్ముడొక్కడే ఉండిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఆయన పడవని గుమ్మం వైపు లాగడం మొదలుపెట్టాడు.

"బావా, వద్దు!"

"అడ్డం రాకురా. నేను మాటిచ్చాను."

పొట్ట గుమ్మంలో ఇరుక్కుంది. పక్కకి వాల్చి తోశాడు. పైకి లేచిన ముక్కు నడవా గోడకి కొట్టుకుంది. వెనకనుంచి తిప్పి చూశాడు. అంతే. చెమటలు కక్కుతూ వెళ్ళి రంపం తెచ్చాడు. ఆవిడ గీసిన ఆ వంపు మీద రంపం ఆనించాడు గానీ చెయ్యి కదల్లేదు.

రంపం వదిలేసి నేల మీద కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"చూశావట్రా, జీవితంలో మొదటిసారి లెక్క తప్పింది మీ అక్క!"

తమ్ముడు వచ్చి పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పలేదు బావా. మొదటి గీత గీసేముందే ఈ గుమ్మం, ఆ నడవా కొలతలు నాచేత తీయించింది అక్క."