స్టీరింగ్ తిరిగిన మలుపులు

గేముల కోసం మమతారాణి తన కంప్యూటర్‌లో వేసుకున్న లినక్స్ సిస్టమ్, తన లోపలి ఫైళ్లను ఎవరినీ ముట్టనివ్వదు. అందుకే బల్లకు బిగించిన రేసింగ్ ఆటల స్టీరింగ్‌ను గుర్తుపట్టే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను పైపొరలా ఎక్కించి, రీస్టార్ట్ చేసింది. అంతలో కరెంటు పోయింది. తెర నల్లబడింది. పక్క షెడ్డులో మరమగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో స్టీరింగ్ గరగరమంటూ ఎడమకు తిరిగింది. ఆమె తీగ పీకేసింది. అయినా మళ్లీ ఎడమకే తిరిగింది. కాసేపు తిన్నగా నిలిచి, కుడికి తిరిగింది.

అవి వేములవాడ రోడ్డు నుంచి తమ ఇంటికి వచ్చే మలుపులు.

"అవ్వా, బాపు ఆటో తీస్కొని వస్తుండా?"

చీకట్లోంచి తల్లి పలికింది. "ఎప్పుడో వచ్చి పండుకున్నడు బిడ్డా. ఆటో సుత లోపట్నే ఉంది."

స్టీరింగ్ ఆఖరి మలుపు తిరిగి ఆగింది. వాకిట్లో బ్రేకు కీచుమంది.

"ఎవలో వచ్చినట్టుంది," అంది తల్లి. "జర తలుపు తియ్యి."